సెలవా... ఇక సెలవా?

చిట్యాల నుంచి ఒక చెల్లెమ్మ ఉత్తరం రాసింది. విజయవాడ రోడ్డు మీద తగిలే నల్గొండ చిట్యాల కాదు. ఇది పరకాల అవతలి చిట్యాల, ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లా. మొత్తం నాలుగు పేజీలు. మొదటి పేజీలో కష్టం చెప్పి, మిగతా మూడు పేజీల్లో లెక్కలు రాసింది. కష్టాన్ని కూడా కలిపి, తీసివేసి చూసుకునే ఇల్లాళ్లంటే నాకు గౌరవం.

సంగతేమిటంటే, వాళ్లాయన హైదరాబాద్ శివార్లలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తొమ్మిదేళ్ల సర్వీసు. డెబ్బై మంది పనివాళ్లు. మొత్తం జీతం 20 వేలు, అందులో బేసిక్కు, కరువు భత్యం కలిపి 15,600. కోతలు పోను చేతికొచ్చేది 18 వేలు. ఆయన అక్కడ మరో ఇద్దరితో గది పంచుకుని ఉంటాడు. ఈమె అత్తమామలతో, ఇద్దరు పిల్లలతో చిట్యాలలో. రెండెకరాల పత్తి. పెద్దపిల్ల ఇంటర్. ఎత్తేసిన చిట్టీ ఒకటి, నెలకు అయిదువేలు కట్టి తీరాలి.

ఈ మధ్య ఫ్యాక్టరీలో ఆర్డర్లు తగ్గాయి. చేసిన సరుకు గోదాములోనే పేరుకుపోయింది. ఒకరోజు మేనేజరు ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, బల్లమీద రెండు కాగితాలు పెట్టాడట. మొదటిది: నాలుగు నెలలు జీతంలేని సెలవు, పరిస్థితి బాగుపడితే పిలుస్తాం. రెండోది: లెక్క తేల్చుకుని వెళ్లిపోవడం. ఏదో ఒకదాని మీద సంతకం పెట్టి ఇవ్వాలి. ‘ఏ కాగితం మీద పెట్టమందురు అన్నా?’ అని ఆమె ప్రశ్న. సెలవు కాగితమైతే నౌకరీ ఉన్నట్టే కదా అని అత్తగారు. ఉండీ లేని నౌకరీ ఎందుకు, వచ్చే డబ్బు తెచ్చుకుంటే బర్రెలు కొనుక్కోవచ్చని మామగారు. ఆయన మాత్రం ఏమీ మాట్లాడటం లేదట, ఫోన్లో కూడా.

ఉత్తరంతోపాటు ఆ రెండు కాగితాల నకళ్లు కూడా పంపింది. మంచిపని చేసింది. అవి చూశాకే అసలు విషయం అర్థమైంది. సెలవు కాగితంలో ఇలా ఉంది: నా సొంత పనుల నిమిత్తం నాలుగు నెలలు జీతంలేని సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. రెండో కాగితంలో: నా వ్యక్తిగత కారణాలవల్ల స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాను. గోదాములో సరుకు పేరుకుపోయిన మాట రెండింటిలోనూ లేదు. పని లేనిది ఫ్యాక్టరీకి. కాగితాల్లో మాత్రం కారణాలన్నీ పనివాడివే.

కాబట్టి చెల్లెమ్మా, ఈ రెండింటిలో ఏదని అడిగితే, రెండూ వద్దంటాను. ఇవిగాక మరో రెండు కాగితాలున్నాయి. మేనేజరు వాటిని బల్లమీద పెట్టలేదు.

బల్లమీద లేని కాగితాలు

ముడిసరుకు లేకనో, కరెంటు లేకనో, మిషను చెడిపోయో, సరుకు పేరుకుపోయో యజమాని పని ఇవ్వలేకపోతే, మస్టర్లో పేరు ఉంచి పనివాణ్ని ఇంటికి పంపడాన్ని చట్టం లే-ఆఫ్ అంటుంది. భూపాలపల్లి గనుల చుట్టుపక్కల వాళ్లకు ఈ మాట కొత్తకాదు. యాభై మందికి తగ్గకుండా ఉన్న ఫ్యాక్టరీలో, ఏడాది సర్వీసు నిండినవాడిని లే-ఆఫ్ చేస్తే, వారపు సెలవులు మినహాయించి ప్రతిరోజుకూ బేసిక్కు, కరువు భత్యంలో సగం ఇవ్వాలి. సీజన్లో మాత్రమే నడిచే మిల్లులకు ఇది వర్తించదు. మన లెక్కలో 15,600ను 26తో భాగిస్తే రోజుకు 600, సగం 300. నెలకు 7,800. జీతంలేని సెలవులో వచ్చేది సున్న. ‘సొంత పనుల నిమిత్తం’ అన్న మాట ఖరీదు నెలకు 7,800 అన్నమాట.

ఇది మొన్నటిదాకా 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. సగం జీతం మాట అలాగే ఉంది. మారిందల్లా, లే-ఆఫ్‌కైనా, తీసివేతకైనా, మూతకైనా ప్రభుత్వం అనుమతి ముందుగా తీసుకోవలసిన ఫ్యాక్టరీల పరిమితి. పూర్వం వందమంది ఉంటే చాలు, ఇప్పుడు మూడువందలు ఉండాలి. డెబ్బై మంది ఉన్నచోట అప్పుడూ అనుమతి అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు. కానీ అనుమతి అక్కర్లేదంటే డబ్బు ఇవ్వనక్కర్లేదని కాదు. చాలామంది మేనేజర్లు ఈ రెంటినీ కలిపేసి చెబుతారు.

లే-ఆఫ్‌లో ఒక మెలిక ఉంది, ముందే తెలుసుకోవాలి. పని లేకపోయినా రోజుకొకసారి పనివేళలో ఫ్యాక్టరీకి వెళ్లి కనబడాలి. కనబడని రోజుకు ఆ సగం కూడా రాదు. అంటే చిట్యాలకు వచ్చి పత్తి ఏరుకుంటూ అక్కడ సగం జీతం తీసుకోవడం కుదరదు, రానక్కర్లేదని కంపెనీ రాసిస్తే తప్ప. గది అద్దె, తిండి పోను 7,800లో ఇంటికి చేరేది ఎంతని ఆమె మళ్లీ లెక్క వేసుకోవాల్సి వస్తుంది. ఇంకొకటి. పన్నెండు నెలల్లో 45 రోజులు దాటితే, ఆపై రోజులకు ఇవ్వనక్కర్లేదని ముందే ఒప్పందం రాయించుకునే వీలు యజమానికి ఉంది. ఒప్పందం లేకపోతే ఇవ్వాలి. అందుకే అచ్చు కాగితాల్లో చివర ఎక్కడో చిన్న అక్షరాల్లో ఆ ముక్క ఉంటుంది. అక్కడ వేలు పెట్టి చదవండి. 45 రోజుల తర్వాత యజమాని పనివాణ్ని తీసేయనూవచ్చు. అప్పుడు అంతవరకు ఇచ్చిన లే-ఆఫ్ డబ్బును పరిహారంలోంచి మినహాయించుకుంటాడు.

ఇక నాలుగో కాగితం. దాని పేరు రిట్రెంచ్‌మెంట్. పనివాడి తప్పేమీ లేకుండా, పని లేదు కాబట్టి తీసేయడం. ఇందులో నెలరోజుల నోటీసు, లేదా దాని బదులు నెల జీతం. నిండిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం పరిహారం. కొత్త కోడ్ ప్రకారం కొత్త పని నేర్చుకోవడానికని మరో 15 రోజుల జీతం, తీసేసిన 45 రోజుల్లోగా ఖాతాలో పడాలి. వీటిపైన గ్రాట్యుటీ ఎలాగూ ఉంది.

ఆమె లెక్కలకు నా లెక్క కలుపుతున్నాను. అలవెన్సులు వదిలేసి, తక్కువలో తక్కువగా వేస్తే: తొమ్మిదేళ్ల గ్రాట్యుటీ, ఏడాదికి 15 రోజుల చొప్పున, రోజుకు 600 లెక్కన 81 వేలు. ఇది రాజీనామా చేసినా వస్తుంది, అయిదేళ్లు దాటింది కాబట్టి. తీసివేత పరిహారం ఏడాదికి 7,800 చొప్పున 70,200. నోటీసు జీతం 15,600. నైపుణ్యం డబ్బు 7,800. మొత్తం 1,74,600. రాజీనామా రాస్తే 81 వేలు. తేడా 93,600, అంటే సరిగ్గా ఆరు నెలల బేసిక్కు. ‘స్వచ్ఛందంగా’ అన్న మాట ఖరీదు అది. మిగిలిన ఆర్జిత సెలవుల డబ్బు రెండింటిలోనూ ఉంటుంది.

మామగారు చూస్తున్న బర్రెల డబ్బులో ఎన్ని బర్రెలు తగ్గాయో ఆయనే చెప్పాలి.

మస్టర్లో పేరు ఉంటే సరిపోతుందా?

అత్తగారి మాట తేలిగ్గా తీసేసేది కాదు. పేరు ఉండటమంటే మన దగ్గర చాలా పెద్ద సంగతి. సింగరేణి ఊళ్లలో మస్టర్లు, నాగాలు అనేవి ఇంటిమాటలు. చెప్పకుండా నాగాలు పెట్టి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. పేరు ఉంటే రేపు అనేది ఒకటి ఉంటుందని నమ్మకం.

కానీ కమలాపురం చూడండి. చిట్యాలవాళ్లకు మరీ దూరమేమీ కాదు, ములుగు, ఏటూరునాగారం మీదుగా మంగపేట మండలంలో గోదావరి ఒడ్డున ఉంది. ఏపీ రేయాన్స్‌గా మొదలై తర్వాత బిల్ట్‌ చేతికి వెళ్లిన గుజ్జు ఫ్యాక్టరీ. రేయాన్ దారం తీసే గుజ్జు తయారుచేసేది. దాన్ని కొనేవాళ్లు తగ్గారు, 2014 ఏప్రిల్లో ఉత్పత్తి ఆగింది. వందలమంది పర్మినెంటు కార్మికులు. తీసేశామని ఎవరూ చెప్పలేదు. పని ఉందని కూడా ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వం రాయితీలు ఇస్తామంది, ఒప్పందాల మాట వచ్చింది, ఇక తెరుస్తారన్నారు. క్వార్టర్లు ఖాళీచేయలేక, వేరే ఊరు పోలేక, నెలలు ఏళ్లయ్యాయి. 2020లో కంపెనీయే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ కుటుంబాలకు మస్టర్లో పేరు ఉంది. జీతం లేదు. పేరు ఉందన్న ఆశతోనే వేరే పని వెతుక్కోవడం వాయిదా వేసినవాళ్ల కథలు ఆ ప్రాంతంలో ఎవర్ని అడిగినా చెబుతారు.

కాగజ్‌నగర్ సంగతి కాస్త వేరు. సిర్పూర్ పేపర్ మిల్లు కూడా 2014లోనే ఆగింది. కానీ జేకే పేపర్ సంస్థ తీసుకున్నాక 2018లో మళ్లీ పొగగొట్టం రాజుకుంది. కాబట్టి ఆగిన మిల్లు తిరగదని ఎవరూ ముందే చెప్పలేరు. తిరిగినా అది నాలుగేళ్లకు. నాలుగేళ్లు ఏ చిట్టీ ఆగదు.

ఇంకా వెనక్కి వెళ్తే వరంగల్ ఆజంజాహి మిల్లు. 1934లో నిజాం కాలంలో మొదలైంది, 1970ల్లో జాతీయ జౌళి సంస్థ కిందికొచ్చింది, 2002లో మూతపడింది. చివర మిగిలినవాళ్లు స్వచ్ఛంద విరమణ డబ్బు తీసుకుని గేటు దాటారు. మిల్లు కూత విని గడియారం సరిచేసుకున్న పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో ముందే డబ్బు తీసుకుని చిన్న కొట్టు పెట్టుకున్నవాళ్లు తెలివైనవాళ్లా, చివరిదాకా ఉన్నవాళ్లా అని వాదన పెడితే వరంగల్లో ఒక మధ్యాహ్నం గడిచిపోతుంది.

జీతంలేని సెలవు అన్నిసార్లూ మోసమే అనడం కూడా న్యాయం కాదు. సత్యం కంప్యూటర్స్ సంగతి గుర్తుందా? 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం. తర్వాత ఏప్రిల్లో టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. ఖాతాదారులు తగ్గారు, మనుషులు ఎక్కువయ్యారు. అప్పుడు వేలమందిని ఒక్కసారి తీసేయకుండా ‘వర్చువల్ పూల్’ అని ఒకటి పెట్టారు. ఆరు నెలలు ఇంట్లో ఉండాలి. బేసిక్ జీతం ఇస్తారు, పీఎఫ్ కడతారు, వైద్య సౌకర్యం ఉంటుంది, పని వస్తే పిలుస్తారు. కొందరు వెనక్కి వెళ్లారు. కొందరు ఈలోగానే వేరే దారి చూసుకున్నారు. ఆ రోజుల్లో అమీర్‌పేట హాస్టళ్లలో దీనిమీద జోకులు కూడా నడిచాయి. కానీ గమనించండి, అందులో మూడు విషయాలు కాగితం మీద ఉన్నాయి: ఎన్నాళ్లు, ఎంత, ఏవేవి ఆగవు. చిట్యాలకు వచ్చిన కాగితంలో ఈ మూడూ లేవు.

కరోనా ఏడాదిలో లోకమంతా ఇదే సమస్య. బ్రిటన్‌లో ఇంట్లో కూర్చున్న ఉద్యోగి జీతంలో 80 శాతందాకా, నెలకు 2,500 పౌండ్లకు మించకుండా ప్రభుత్వమే భరించింది, 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు చివరిదాకా. జర్మనీవాళ్లకైతే అది పాత అలవాటు. పని సగమైతే మనుషుల్ని తీసేయరు, గంటలు తగ్గిస్తారు. పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం ఉపాధి బీమా నుంచి వస్తుంది. మన దగ్గర ఎయిరిండియా 2020లో ఉద్యోగుల్ని అయిదేళ్లదాకా జీతంలేని సెలవులో పంపే పథకం తెచ్చింది. ఇక మన ఊళ్లలో ప్రైవేటు బడి టీచర్లు? వాళ్లను ఎవరూ తీసేయలేదు, ఎవరూ సెలవు ఇవ్వలేదు, బళ్లు తెరవలేదు, జీతం రాలేదు. పొలం పనులకు, కూరగాయల బండ్లకు వెళ్లారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్లో నెలకు రెండువేలు, 25 కిలోల బియ్యం ఇచ్చేదాకా వాళ్లకు ఏ కాగితమూ లేదు. సిరిసిల్ల మరమగ్గాల మీద పీసు లెక్కన కూలి తీసుకునేవాళ్లదీ అంతే. 2024 మొదట్లో ఆర్డర్లు లేక సాంచాలు ఆగినప్పుడు లే-ఆఫ్ అని అడగడానికి మస్టరు ఉంటే కదా. వాళ్లతో పోలిస్తే మన చెల్లెమ్మ ఇంట్లో రెండు కాగితాలున్నాయి, బేరమాడటానికి చోటుంది.

సెలవే అయితే, ఎప్పటినుంచి?

వాళ్లాయన మనసు సెలవువైపే ఉందనుకుందాం. తొమ్మిదేళ్లు చేతివాటం ఏర్పడిన మిషను, తోటివాళ్లు, అలవాటైన దారి, ఇవన్నీ లెక్కలో రావు కానీ ఉంటాయి. అలాంటప్పుడు కాగితం మార్పించుకోవాలి. సొంత పనులు అన్నచోట ‘ఫ్యాక్టరీలో సరుకు నిల్వలు పెరిగి పని లేనందున యాజమాన్యం కోరిక మేరకు’ అని ఉండాలి. మొదటి తేదీ, చివరి తేదీ ఉండాలి. పిలుస్తాం అనేది తేదీ కాదు. సర్వీసు కొనసాగుతుందని, అదే పనిలోకి అదే జీతంతో తీసుకుంటామని ఉండాలి. ఆ తేదీకి తీసుకోలేకపోతే రిట్రెంచ్‌మెంట్‌గా లెక్కగట్టి, సెలవుకు ముందున్న జీతం మీదనే పరిహారం ఇస్తామని ఉండాలి. ఈ చివరిది ముఖ్యం. పరిహారం చివరి మూడు నెలల సగటు జీతం మీద వేస్తారు. ఆ మూడు నెలలూ సున్నలైతే వాదన మొదలవుతుంది. మేనేజరు సంతకం, స్టాంపు ఉన్న నకలు ఇంట్లో ఉండాలి. మంజూరు కాగితం లేని సెలవు రేపు గైర్హాజరు అవుతుంది. మొదటి ఏడాదిలో ఉన్న కుర్రాళ్లకు 240 రోజుల లెక్క కూడా ఉంటుంది, జీతంలేని రోజులు అందులో కలవకపోవచ్చు. తొమ్మిదేళ్లవాడికి ఆ బాధ లేదు.

అన్నట్టు ఈఎస్ఐ సంగతి. దీన్ని ఎవరూ చెప్పరు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక అర్ధభాగం, అక్టోబరు నుంచి మార్చి ఇంకో అర్ధభాగం. ఒక్కో అర్ధభాగంలో కనీసం 78 రోజులకు చందా పడితేనే తర్వాత వచ్చే నిర్ణీత ఆరు నెలల్లో జబ్బు పడి సెలవు పెడితే నగదు వస్తుంది. వాళ్ల ఫ్యాక్టరీ అక్టోబరు 1 నుంచి జనవరి చివరిదాకా సెలవంటోంది. అప్పుడు రెండో అర్ధభాగంలో మిగిలేవి ఫిబ్రవరి, మార్చి. 28, 31 కలిపితే 59. చాలదు. అదే నాలుగు నెలల్ని ఒక నెల ముందుకు జరిపి సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు చివరిదాకా పెట్టించుకుంటే? మొదటి భాగంలో అయిదు నెలలు ఉండనే ఉన్నాయి. రెండో భాగంలో జనవరి, ఫిబ్రవరి, మార్చి కలిపి 90 రోజులు. గట్టెక్కింది. పత్తి మొదటి తీత కూడా ఆ నెలల్లోనే చేతికొస్తుంది. యజమానికి పైసా ఖర్చు లేని కోరిక ఇది, అడిగితే కాదనడానికి కారణం ఉండదు. డిస్పెన్సరీలో మందులు, చికిత్స సంగతి మాత్రం ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయంలో ముందే అడిగి తేల్చుకోవాలి, ముఖ్యంగా అత్తమామల మందులు అక్కడినుంచే వస్తున్నాయి కాబట్టి.

పీఎఫ్‌లో ఆ నాలుగు నెలలూ చందా ఉండదు. పెన్షనుకు పదేళ్ల సర్వీసు కావాలి, ఆయనకు ఇంకా నిండలేదు. కాబట్టి సెలవైనా, తీసివేతైనా, పీఎఫ్ మొత్తం పీకేసుకోకండి. ఆ యూఏఎన్ నంబరే రేపటి ఉద్యోగానికి ఇస్తే పాత ఏళ్లు కలుస్తాయి. తీసేస్తే ఈఎస్ఐలో నిరుద్యోగ భృతి ఒకటుంది, 2018లో వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన. 90 రోజులదాకా సగటు జీతంలో సగం, జీవితంలో ఒక్కసారే. దానికి గడువులు, షరతులు మారుతుంటాయి. ఉద్యోగం పోయిన వెంటనే బ్రాంచిలో అడగాలి. స్వచ్ఛంద విరమణ తీసుకున్నవాళ్లకు అది రాదు.

నాలుగు నెలలు ఇల్లు నడవడానికి నెలకు 14 వేలు చొప్పున 56 వేలు కావాలని ఆమె లెక్క. పత్తి డబ్బు చేతికొచ్చేదాకా అప్పు తప్పదంటోంది. రెండు రూపాయల వడ్డీకి మొత్తం తెస్తే నెలకు 1,120 వడ్డీకే. ఆ అప్పు తెచ్చేముందు భర్తను కొన్ని సంగతులు కనిపెట్టి చూడమనాలి. పీఎఫ్ డబ్బు నెలనెలా పడుతోందా? పాస్‌బుక్ ఫోన్లోనే కనబడుతుంది. గత ఆరు నెలల్లో జీతం ఎన్నిసార్లు ఆలస్యమైంది? మిషన్లకు రిపేర్లు చేయిస్తున్నారా, ఒక్కొక్కటే లారీ ఎక్కిస్తున్నారా? ముడిసరుకు కొత్తగా దిగిందా? మేనేజరు చెప్పేదానికంటే సెక్యూరిటీ గార్డుకు, స్టోర్స్ గుమాస్తాకు ఎక్కువ తెలుస్తుంది. మిషన్లకు నూనె పెడుతూ, పీఎఫ్ సకాలంలో కడుతూ ఉంటే నాలుగు నెలల సెలవుకు అర్థముంది. పీఎఫ్ మూడు నెలలుగా పడలేదంటే, రేపు ఆ కంపెనీ దివాలా తీస్తే, 2016 చట్టం ప్రకారం కార్మికుల ముందటి 24 నెలల బకాయిలకు వరసలో పైచోటు ఉంటుంది. కానీ సెలవులో ఉన్నవాడికి ఆ నెలలకు జీతం బకాయే ఉండదు. అప్పుడు ఆలస్యం చేయకుండా నాలుగో కాగితం అడగడమే మేలు.

ఇంకో మాట. తీసేయాల్సి వస్తే ఒకే రకం పనిలో చివర చేరినవాడిని ముందు తీయాలన్నది నియమం. వేరేలా చేస్తే కారణం రాసి చెప్పాలి. డెబ్బై మందిలో తొమ్మిదేళ్లవాళ్లు ఎందరో, రెండేళ్లవాళ్లు ఎందరో ఆయనకు తెలుసు. అసలు ఆయన వంతు ఎప్పుడొస్తుంది? ఒక్కొక్కరినే గదిలోకి పిలవడంలో ఉన్న కిటుకు ఇదే. విడివిడిగా పిలిస్తే ఎవరి సీనియారిటీ ఎంతో ఎవరూ అడగరు. సీనియారిటీ జాబితా అడగమనండి. పదిమంది కలిసి వెళ్లి, అందరికీ నాలుగు నెలల సెలవు బదులు వారం విడిచి వారం పని పంచమని అడగొచ్చు. అలాగైతే సగం జీతం వస్తుంది, ఈఎస్ఐ రోజులు నిండుతాయి, ఎవడి మిషను వాడి చేతిలో ఉంటుంది. చిన్న ఫ్యాక్టరీల యజమానులు దీనికి ఒప్పుకున్న సందర్భాలున్నాయి, పని తెలిసినవాళ్లు పోతే మళ్లీ దొరకరని వాళ్లకూ తెలుసు కాబట్టి.

కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్ల మస్టరు కాంట్రాక్టరు దగ్గర ఉంటుంది, వాళ్ల లెక్క వేరు, దానికి మరో ఆదివారం కావాలి.

చివరగా ఆయన మౌనం గురించి ఆమె రాసిన రెండు వాక్యాలకు నా దగ్గర కోడ్ ఏమీ లేదు. ఊరికొస్తే నలుగురూ ఏమనుకుంటారో అన్న బాధ అయ్యుండొచ్చు. వచ్చే ఆదివారం ఆయన ఇంటికి వస్తున్నాడని రాసింది. సంతకం గడువు సోమవారం. ఈ కాగితం ముందు పెట్టి లెక్కలు ఇద్దరూ కలిసి వేయండి, అత్తమామల్ని కూడా కూర్చోబెట్టండి. సోమవారం ఉత్తచేతులతో వెళ్లొద్దు. మేం పని చేయడానికి సిద్ధంగా ఉన్నాం, పని లేనందున లే-ఆఫ్ ఇవ్వండి, లేదా ఈ మార్పులతో సెలవు మంజూరు చేయండి అని ఒక దరఖాస్తు రాసి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోవాలి. తీసుకోకపోతే అదే రోజు పోస్టాఫీసులో అక్‌నాలెడ్జిమెంటుతో స్పీడ్‌పోస్టు చేయండి. కార్మిక శాఖ సహాయ అధికారికి మరో నకలు. దరఖాస్తులో చిట్యాల అడ్రసు, ఫోను నంబరు స్పష్టంగా రాయండి. తీసేసిన ఏడాదిలోగా కొత్తవాళ్లను పెట్టుకుంటే పాతవాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలని కోడ్‌లో ఉంది. పిలుపు పాత అద్దెగదికి వెళ్లి తిరిగి వెళ్లిపోకూడదు కదా.